తెచ్చుకున్న కుక్కపిల్ల ఉన్నట్టుండి సీరియస్ అయితే: ఏం జబ్బో కనిపెట్టడం ఎట్లా? తిరుపతి వాళ్ల కోసం ఫుల్ గైడ్

రోడ్డు మీద నుంచి తెచ్చిన కుక్కపిల్ల రెండ్రోజులు బాగానే ఆడి, మూడో రోజు అన్నం ముట్టకుండా మూలకి పోయి పడుకుని వాంతులు మొదలుపెట్టిందంటే, తిరుపతిలో ఎవర్ని అడిగినా ముందు వచ్చే మాట ఒకటే, "పార్వో అయ్యుంటాది". పార్వో అంటే కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. చాలాసార్లు అది నిజమే. కానీ రక్తం పడిన విరేచనాలన్నీ పార్వో కాదు, పార్వో ఉన్నా అదొక్కటే ఉందని కాదు. వీధి పిల్లల్లో ఎక్కువగా రెండు మూడు కలిసి ఉంటాయి, కడుపులో పురుగులు, ఒంటి నిండా టిక్స్ (గోమార్లు), వాటి మీద ఒక వైరస్. అందుకే పేరు పెట్టేసి ఆగిపోకుండా వరసగా చూసుకుంటా పోవాలి. ఆ వరస ఏందో కింద రాస్తున్నా. ఇదంతా డాక్టర్‌కి బదులుగా కాదు, డాక్టర్ దగ్గరికి పోయేలోపు మీరు ఏం చూడాలి, పోయినాక ఏం చెప్పాలి, ఏం అడగాలి అని.

ముందు ఇది చూడండి, మిగతాది తర్వాత

ఈ కింది వాటిలో ఒక్కటి ఉన్నా చదవడం ఆపేసి బండి తీయండి. చిగుళ్లు తెల్లగా గానీ నీలంగా గానీ ఉండడం, లేచి నిలబడలేకపోవడం, ఫిట్స్, పొట్ట ఉబ్బి గట్టిగా అవ్వడం, పడుకుని ఉన్నప్పుడు కూడా ఎగశ్వాస, ఒళ్లు చల్లబడిపోవడం, వాంతిలో గానీ విరేచనంలో గానీ రక్తం. తిరుపతిలో ఉన్నవాళ్లకి ఒక పెద్ద అదృష్టం ఏందంటే వెటర్నరీ కాలేజీ మన ఊర్లోనే ఉంది, 1955 నుంచి ఉన్న కాలేజీ, ఇప్పుడు శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తా ఉంది, అక్కడి ఆస్పత్రిలో కుక్కల్ని కూడా చూస్తారు. కానీ రాత్రి పూట ఎక్కడ చూస్తారు, ఆదివారం ఎవరు ఉంటారు అనేది పిల్లని తెచ్చిన రోజే కనుక్కుని ఫోన్‌లో సేవ్ చేసుకోండి, అర్ధరాత్రి వెతుక్కునే పని కాదది.

బయల్దేరే ముందు రెండు నిమిషాల పని ఒకటుంది. పిల్ల చల్లగా, మత్తుగా, తూలుతా ఉంటే షుగర్ పడిపోయి ఉండొచ్చు, చిన్న పిల్లలు కొన్ని గంటలు తినకపోయినా, వాంతులయినా ఇది జరుగుతుంది. తేనె గానీ, గ్లూకోజ్ పొడి రెండు చుక్కల నీళ్లలో కలిపి గానీ వేలితో చిగుళ్లకి రాయండి. నోట్లో పోయొద్దు, మింగలేని పిల్లకి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొన్ని నిమిషాల్లో తల ఎత్తిందంటే షుగర్ పడిపోయిందని అర్థం, కానీ అది ఎందుకు పడిపోయింది అన్న ప్రశ్న అట్లే ఉంటుంది, కాబట్టి కోలుకుంది కదా అని ఇంట్లో కూర్చోవద్దు. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి టవల్ చుట్టి పక్కన పెట్టండి. చల్లగా ఉన్న పిల్లకి పాలు గానీ అన్నం గానీ పెట్టకండి, ఒళ్లు వేడెక్కేదాకా కడుపు పని చేయదు, తిన్నది అట్లే ఉండిపోయి ఇంకా ఇబ్బంది అవుతుంది.

ఎప్పుడు తెచ్చారు, ఎప్పుడు పడింది: ఆ తేదీలే సగం చెప్తాయి

ఒక పేపర్ తీసుకుని రాయండి. తెచ్చిన రోజు, ఏ చోటు నుంచి, తెచ్చినప్పుడు ఎట్లుంది, మొదటి వాంతి ఎప్పుడు, మొదటి లూజ్ మోషన్ ఎప్పుడు, ఏం తినిపించారు, ఏం మందులేశారు, ఏం వ్యాక్సిన్ వేయించారు. పార్వో వైరస్ ఒంట్లోకి పోయినాక మామూలుగా 3 నుంచి 7 రోజులకి బయటపడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు కూడా పడుతుంది. కాబట్టి తెచ్చిన మరుసటి రోజే పడిపోయిన పిల్లకి అది మీ ఇంట్లో రాలేదు, వీధిలోనే తగిలించుకుని వచ్చింది. మొన్న వ్యాక్సిన్ వేయించాం కదా, ఇదెట్లా వస్తుంది అని అడుగుతారు చాలామంది, వేయించేటప్పటికే లోపల ఉంటే వ్యాక్సిన్ ఆపలేదు. టిక్ ఫీవర్ అయితే టిక్ కరిచినాక ఒకటి నుంచి మూడు వారాలు పట్టొచ్చు. ఎలుకల మందు కేకుల్లో ఒక రకం తిన్న రోజు ఏమీ చేయదు, మూడు నాలుగు రోజుల తర్వాత రక్తం కారడం మొదలవుతుంది, అప్పటికి ఎవరికీ ఆ సంగతి గుర్తుండదు.

వయసు కూడా కావాలి. కళ్లు రెండు వారాలలోపు తెరుచుకుంటాయి, పాల పళ్లు మూడో వారం నుంచి మొదలై రెండు నెలలకల్లా అన్నీ వచ్చేస్తాయి, ముందు పళ్లు ఊడి పెద్ద పళ్లు వస్తున్నాయంటే నాలుగు నెలల అటూ ఇటూ. వయసు, బరువు రెండూ చెప్తే డాక్టర్ మందు డోస్ లెక్క వెంటనే వేస్తారు. బరువుకి వంటింటి కాటా చాలు.

ఒళ్లు తడిమి చూడడం: చిగుళ్లు, వేడి, నీళ్లు

నాటు పిల్లల్లో చాలావాటికి చిగుళ్లు నల్లగా ఉంటాయి, రంగు తెలీదు. అప్పుడు కింది కనురెప్పని మెల్లగా లాగి లోపల చూడండి, నాలుక కూడా. గులాబీ రంగు ఉంటే సరే. తెల్లగా ఉంటే రక్తం తగ్గింది, అంటే హుక్‌వార్మ్ (పేగుల్లో రక్తం తాగే పురుగు), ఒళ్లంతా ఫ్లీస్ (బొచ్చులో గెంతే చిన్న పురుగులు), టిక్ ఫీవర్, లేదా బండి తగిలి లోపల రక్తం పోతా ఉండడం. పసుపు రంగు అయితే లివర్ గానీ, రక్తకణాలు పగిలిపోయే జ్వరం గానీ, ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టో గానీ. ఎర్రగా ఇటుక రంగు అయితే వడదెబ్బ లేదా రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకడం. మన ఊర్లో ఏప్రిల్, మే ఎండలు తెలిసిందే కదా, రేకుల షెడ్డు కింద కట్టేసిన పిల్లకి వడదెబ్బ తగలడానికి మధ్యాహ్నం ఒక్కటి చాలు. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి, రాకపోతే ఒంట్లో రక్తం సరిగా తిరగడం లేదు.

థర్మామీటర్ తప్పక కొనండి, మెడికల్ షాపులో దొరికే డిజిటల్ దే. కొసకి కొంచెం కొబ్బరినూనె రాసి మలద్వారంలో ఒక అంగుళం లోపే పెట్టి బీప్ వచ్చేదాకా పట్టుకోవాలి. 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలు, నెలలోపు పిల్లలకి కొంచెం తక్కువ ఉంటుంది. ముక్కు వేడిగా ఉంది, చెవులు వేడిగా ఉన్నాయి అని జ్వరం లెక్కేయకండి. 104 దాటినా, 99 కిందికి పడినా ఎమర్జెన్సీ. ఇంకోటి, పార్వో పిల్ల మొదట జ్వరంగా ఉండి తర్వాత చల్లబడుతుంది, జ్వరం తగ్గిందని సంతోషపడే టైం కాదది.

ఒంట్లో నీళ్లు తగ్గినాయా చూడ్డానికి భుజాల మధ్య చర్మం లాగి వదలమంటారు. పెద్ద కుక్కలకి బాగుంటుంది కానీ బక్కచిక్కిన పిల్లల్లో ఆ టెస్ట్ తప్పు చెప్పొచ్చు, కొవ్వు లేని చర్మం ఎట్లాగూ నెమ్మదిగానే పోతుంది. చిగుళ్లు తడిగా జారుతా ఉన్నాయా, వేలికి జిగటగా అంటుకుంటున్నాయా చూడండి, అది ఎక్కువ నమ్మకం.

విరేచనం చూసి ఏం చెప్పొచ్చు

అసహ్యపడకుండా దగ్గరగా చూడండి, ఫోటో తీయండి, డాక్టర్‌కి మీ మాటల కంటే ఆ ఫోటో ఎక్కువ పనికొస్తుంది.

పిల్ల హుషారుగా ఆడుతా, తింటా, పల్చగా పసుపు రంగు మోషన్ అవుతా ఉంటే ముందు పాల మీద అనుమానపడండి. ఆవు పాలు, గేదె పాలు చాలా పిల్లలకి పడవు. పాలు ఆపేస్తే ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది. పిల్ల డల్ అయిపోయి, ముందు వాంతులు, ఆ తర్వాత నీళ్లలాగా ఎర్రటి విరేచనం, గది మొత్తం పట్టేసే కుళ్లు వాసన, అది పార్వో లక్షణం. జిగురు, దానిలో రక్తపు చారలు, కొంచెం కొంచెంగా చాలాసార్లు వెళ్తా ఉంటే కాక్సిడియా, జియార్డియా లాంటి కంటికి కనపడని పేగు క్రిములు ఉండొచ్చు, అవి మైక్రోస్కోప్ కింద కనపడతాయి, మందు కూడా వేరే. మామూలు పురుగుల మందు కాక్సిడియా మీద పనిచేయదు. పొట్ట బానలాగా, కాళ్లు పుల్లల్లాగా, వాంతిలో సేమియా లాంటి పురుగులు వస్తే ఏలికపాములు, అవి తల్లి కడుపులో ఉన్నప్పుడే పిల్లలకి వచ్చేస్తాయి.

హుక్‌వార్మ్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్నే జనం పార్వో అనుకుంటారు. కొర్లగుంట వైపు నుంచి మా వీధి వాళ్లు తెచ్చిన ఒక గోధుమ రంగు ఆడ కుక్కపిల్ల, నెలన్నర ఉంటుందేమో, వాంతులు పెద్దగా లేవు కానీ నిలబడలేకపోతా ఉంది. టవల్ మీద అంటుకున్న మలం తారులాగా నల్లగా ఉంది. తడి టిష్యూతో తుడిస్తే ఆ నలుపు చుట్టూ ఎర్రగా వ్యాపించింది, అది అన్నం అరిగిన నలుపు కాదు, పైపేగుల్లో పోయిన రక్తం. కనురెప్ప లాగి చూస్తే లోపల తెల్ల కాగితం. పార్వో కిట్ నెగెటివ్, మలం టెస్ట్ కూడా నెగెటివ్. ఇంటివాళ్లు అయోమయంలో పడ్డారు, పురుగుల్లేవు పార్వో లేదు మరి ఏంది అని. డాక్టర్ గారు చెప్పింది ఏందంటే, హుక్‌వార్మ్ తల్లిపాల ద్వారా పిల్లకి వస్తుంది, అవి గుడ్లు పెట్టడానికి రెండు వారాలకి పైనే పడుతుంది, కానీ రక్తం తాగడం దానికంటే ముందే మొదలుపెడతాయి. అందుకని చిన్న పిల్ల తెల్లబడి నల్ల మోషన్ అవుతా ఉంటే మలం టెస్టులో గుడ్లు లేవన్నా కూడా పురుగుల మందు ఇవ్వాల్సిందే. ఆ పిల్లకి ఒక పెద్ద కుక్క రక్తం ఎక్కించి, పురుగుల మందేసి, ఫ్లీస్ మొత్తం దువ్వెనతో తీశారు. మర్నాటికి గిన్నె నాకడం మొదలుపెట్టింది. పార్వోనే అనుకుని ఒట్టి సెలైన్ పెట్టుకుంటా కూర్చుని ఉంటే పోయుండేది.

కళ్లు, ముక్కు, మూత్రం, నడక

కళ్లల్లో పుసి, ముక్కు చీమిడి, దగ్గు, జ్వరం, దాంతోపాటు లూజ్ మోషన్, పొట్ట మీద చీము పొక్కులు ఉంటే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుని అనుమానించాలి. ఇది మోసం చేసే జబ్బు, జలుబు తగ్గినట్టే తగ్గి కొన్ని వారాలకి దవడ చూయింగ్ గమ్ నమిలినట్టు ఆడడం, ఒక కాలు లయగా అదరడం, ఫిట్స్ మొదలవుతాయి. పాదాల మెత్తలు, ముక్కు గట్టిపడిపోవడం కూడా చూస్తాం.

మూత్రం కాఫీ రంగులో గానీ ఎర్రగా గానీ వచ్చి, జ్వరం, చిగుళ్లు తెలుపు కలిసిన పసుపు అయితే బబీసియా అనే టిక్ ఫీవర్. ముక్కులో రక్తం, పొట్ట చర్మం మీద చిన్న చిన్న ఎర్ర మచ్చలు అయితే ఎర్లీకియా అనే ఇంకో టిక్ ఫీవర్, దాంట్లో ప్లేట్‌లెట్స్ పడిపోతాయి. టిక్స్ కోసం చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద చూడండి. ఇప్పుడు ఒక్కటీ కనపడలేదంటే టిక్ ఫీవర్ లేదని కాదు, కరిచి రాలిపోయి ఉండొచ్చు.

ఎగశ్వాస ఉంటే అది న్యుమోనియానే అనుకోకండి. లీలామహల్ సర్కిల్, బస్టాండ్, రేణిగుంట రోడ్డు లాంటి చోట్ల దొరికిన పిల్లకి బండి తగిలి ఉండే చాన్స్ ఉంది, బయటికి ఒక్క గాయం లేకపోయినా లోపల ఛాతీకి, పొట్టకి మధ్య ఉండే పొర చినిగి పేగులు ఛాతీలోకి పోయి ఉండొచ్చు, ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. మోషన్ అస్సలు రాకుండా వాంతులు మాత్రమే అవుతా ఉంటే పేగులో ఏదో అడ్డం పడి ఉండొచ్చు, ప్లాస్టిక్ కవర్, మొక్కజొన్న బెండు, మామిడి టెంక ఏదైనా. పొట్ట తడిమితే సాసేజ్ లాగా తగిలితే పేగులోకి పేగు దూరి ఉండొచ్చు, పార్వో, పురుగులు ఉన్న పిల్లల్లో ఇది అదనంగా వస్తుంది, దీనికి ఎక్కువగా ఆపరేషనే చేయాల్సి వస్తుంది.

రేబీస్ మాట కూడా చెప్పాలి. చిన్న కుక్కపిల్లకి రేబీస్ రాదు అనేది తప్పు. దవడ వేలాడిపోవడం, మింగలేక చొంగ, ఉన్నట్టుండి కనపడిన దాన్నంతా కొరకడం, అరుపు మారిపోవడం ఉంటే గొంతులో బొమిక ఇరుక్కుందేమో అని చెయ్యి పెట్టకండి. అట్లాంటి పిల్ల కరిచినా, గీరినా, పుండు మీద నాకినా ఆ చోటుని పారే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు రుయా ఆస్పత్రికో, దగ్గర్లో ఉన్న గవర్నమెంట్ ఆస్పత్రికో పోయి ఇంజెక్షన్లు మొదలుపెట్టండి. డోసులు మధ్యలో మానకూడదు.

మనం పెట్టిందే విషం అయిందా?

ఇది అడిగితే ఇంటివాళ్లకి కోపం వస్తుంది కానీ అడగాల్సిందే. టిక్స్ పోవాలని ఫినాయిల్, కిరోసిన్ రాశారా? పశువులకి కొట్టే గోమార్ల మందు పిల్లకి పట్టించారా? గజ్జికి ఎవరైనా ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వేశారా? నెలన్నరలోపు పిల్లలకి అది ప్రమాదం, డోస్ ఎక్కువైతే ఏ పిల్లయినా తూలుతుంది, కళ్లు కనపడవు. జ్వరానికి మనుషుల పారాసిటమాల్ గానీ, నొప్పి మాత్ర గానీ వేశారా? రెండు కేజీల పిల్లకి 650 మాత్ర అంటే అది ఎన్ని రెట్లో ఆలోచించండి. లడ్డూ ప్రసాదం పెట్టారా? మన ఊర్లో ఎవరూ చెడ్డ ఉద్దేశంతో పెట్టరు, కానీ లడ్డూలో ఎండు ద్రాక్ష ఉంటుంది, ఎండు ద్రాక్ష కుక్కల కిడ్నీలని దెబ్బ తీస్తుంది. కొన్నింటికి ఏమీ కాదు, కొన్నింటికి కొంచానికే అవుతుంది, ముందే చెప్పలేం.

చొంగ, కన్నీళ్లు, కంటిపాప సూది మొనంత అవ్వడం, ఒళ్లు వణుకు ఒకేసారి వస్తే పురుగుమందు. చంద్రగిరి, పాకాల వైపు తోటల దగ్గర నుంచి తెచ్చిన పిల్లలకి ఇది గుర్తుపెట్టుకోండి. వాంతి వెల్లుల్లి వాసన వస్తే ఇంకో రకం ఎలుకల మందు, ఆ వాంతి నుంచి వచ్చే గ్యాస్ మనుషులకి కూడా మంచిది కాదు, కిటికీలు తెరవండి, కారు అద్దాలు దించండి. ప్యాకెట్ దొరికితే చేతిలో పట్టుకుపోండి. ఉప్పు నీళ్లు తాగించి కక్కించడం మాత్రం చేయొద్దు.

డాక్టర్ దగ్గర ఏ టెస్ట్ ముందు

డబ్బులు అందరి దగ్గరా ఒకేలా ఉండవు, కాబట్టి వరస ముఖ్యం. నన్నడిగితే మొదటిది రక్తం టెస్ట్, సీబీసీ. తెల్ల కణాలు బాగా పడిపోతే పార్వో వైపు, ఎర్ర కణాలు పడిపోతే పురుగులు లేదా టిక్స్ వైపు, ప్లేట్‌లెట్స్ పడిపోతే టిక్ ఫీవర్ వైపు చూపిస్తుంది, ఒక్క టెస్టే ఇన్ని దార్లు చూపిస్తుంది. అదే రక్తంతో షుగర్ కూడా చూడమనండి. టిక్స్ ఉన్న పిల్ల అయితే చెవి కొస నుంచి తీసిన చుక్కతో స్మియర్ (రక్తం చుక్కని గాజు పలక మీద రాసి మైక్రోస్కోప్‌లో చూడడం) అడగండి, బబీసియా అక్కడ దొరికే అవకాశం ఎక్కువ. తర్వాత మలం మైక్రోస్కోప్ టెస్ట్, ఖర్చు తక్కువ, దాంతో తెలిసేది ఎక్కువ. కొన్ని గంటల్లోపు తాజా మలం, మట్టి అంటకుండా చిన్న డబ్బాలో తీసుకుపోండి.

పార్వో కిట్ నిమిషాల్లో చెప్తుంది, మంచిదే, కానీ నెగెటివ్ వస్తే పార్వో లేదని పూర్తిగా నమ్మకండి, జబ్బు మరీ మొదట్లో గానీ, చాలా రోజులు గడిచాక గానీ వైరస్ తక్కువగా ఉండి కిట్‌కి దొరక్కపోవచ్చు. వ్యాక్సిన్ వేసిన కొన్ని రోజుల్లో చేస్తే సన్నటి గీత పడే అవకాశం కూడా ఉంది, అందుకే వ్యాక్సిన్ తేదీ చెప్పమంటున్నా. డిస్టెంపర్‌కి కంటి దగ్గర నుంచి స్వాబ్ తీసి చేసే కిట్ ఉంది. ఎక్స్‌రే, స్కాన్ అనేవి శ్వాస ఇబ్బంది ఉన్నా, అడ్డం పడిందన్న అనుమానం ఉన్నా మాత్రమే.

రిజల్ట్ వచ్చేలోపు ఇంట్లో మోషన్స్ ఆపే మాత్రలు, మిగిలిపోయిన యాంటీబయాటిక్, పసుపు పాలు, ఏదీ వద్దు. వాంతులవుతున్న పిల్లకి సిరంజితో బలవంతంగా నీళ్లు పట్టొద్దు. డాక్టర్ చెప్పిన సెలైన్ ఒక్క రోజుతో ఆపేయొద్దు, పార్వో పిల్లల్ని బతికించేది ముఖ్యంగా ఆ సెలైన్, వాంతుల ఇంజెక్షన్, ఇన్ఫెక్షన్ పాకకుండా యాంటీబయాటిక్, ఇవే, వైరస్‌ని చంపే మందంటూ మన చేతికి దొరికేది లేదు. సాయంత్రానికి కొంచెం లేచింది కదా అని మర్నాడు పోకుండా ఉండిపోయిన వాళ్ల పిల్లలే ఎక్కువ పోతాయి.

ఏం జబ్బో తేలేదాకా ఇల్లు, పిల్లలు, మిగతా కుక్కలు

ఏదో తేలేదాకా పార్వో ఉన్నట్టే జాగ్రత్తపడండి. వేరే గది, వేరే గిన్నె, వేరే చెప్పులు. ఫినాయిల్ పార్వోని చంపదు, పైగా కుక్కపిల్లలకి విషం. దాన్ని చంపేది కరోనా టైంలో వీధుల్లో కొట్టారే హైపో, అదే, అంటే బ్లీచ్. ఇంట్లో వాడే బ్లీచ్ ఒక వంతుకి 30 వంతుల నీళ్లు కలపండి. ముందు మలం మొత్తం తీసి కడిగి, తర్వాత ఈ నీళ్లు పోసి 10 నిమిషాలు తడిగా ఉంచాలి, మురికి మీద పోస్తే పనిచేయదు. మట్టి నేల అయితే వైరస్ నెలల తరబడి ఉంటుంది, అక్కడికి టీకాలు పూర్తికాని ఇంకో పిల్లని తేవద్దు. మనుషులకి ఈ పార్వో, డిస్టెంపర్ అంటవు. ఏలికపాములు, హుక్‌వార్మ్, లెప్టో అంటుతాయి, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో చేతులు కడిగించడం, మలం వెంటనే తీసేయడం, మూత్రం ముట్టుకోవాల్సి వస్తే గ్లౌజులు వేసుకోవడం చేయండి.

ఒక్క పని ఎవరూ చేయరు, చేయండి. ఏం జబ్బో తెలిసినాక పిల్ల దొరికిన చోటికి ఇంకోసారి పోండి. దాని అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు అక్కడే ఏ తోపుడుబండి కిందో, కాలవ పక్కనో ఉంటాయి, వాటికి కూడా అదే ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ అన్నం పెట్టే అక్కకో, టీ కొట్టు అన్నకో చెప్పండి, "దీనికి హుక్‌వార్మ్ అని తేలిందన్నా, మిగతా వాటికి కూడా కళ్ల లోపల తెల్లగా ఉందేమో చూడు" అని. డాక్టర్‌ని అడిగి బరువుకి తగ్గ పురుగుల మందు వాటికి కూడా తీసుకుపోండి. వ్యాక్సిన్ మాత్రం జబ్బుగా ఉన్నవాటికి కాకుండా బాగున్నవాటికి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టించి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలలు నిండేదాకా వేయించాలి.